విడాకుల తీర్పు వచ్చేలోపు ఖర్చులకు, పిల్లలకు కోర్టును అడగడం ఎలా

నా కేసు మొదలైనప్పుడు బాబుకు ఆరేళ్లు. బడి ఫీజు కట్టాల్సిన వారంలోనే ఇంటికి డబ్బు రావడం ఆగిపోయింది. తీర్పు వచ్చేదాకా ఓపిక పట్టాలనుకుని నాలుగు నెలలు అప్పులతో నెట్టుకొచ్చాను. మీరు అలా చేయకండి.

హిందూ వివాహ చట్టం (1955) 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం (కేసు నడుస్తున్నంతకాలం పోషణకు ఇచ్చే డబ్బు), కోర్టు ఖర్చులు వెంటనే అడగవచ్చు. ఆదాయం చాలని భర్తకూ ఈ హక్కు ఉంది. అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని చట్టమే చెబుతోంది. వాయిదా పడినప్పుడల్లా ఆ మాటను మీ న్యాయవాది చేత గుర్తు చేయించండి.

అసలు శ్రమంతా ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం (అఫిడవిట్)లోనే ఉంది. దాన్ని ఇద్దరూ దాఖలు చేయాలని 2020లో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచి లెక్కించాలనీ చెప్పింది. నేను పోగొట్టుకున్న నాలుగు నెలలు అందుకే తిరిగి రాలేదు. అద్దె రసీదులు, ఫీజు రసీదులు, మందుల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తేదీల వరుసలో పెట్టుకోండి. మీకు జీతం ఉంటే దాచకండి. బయటపడితే మీ మిగతా మాటలనూ నమ్మరు.

పిల్లల సంరక్షణ, పోషణ, చదువు కోసం అదే చట్టంలో 26వ సెక్షన్ ఉంది. తండ్రి బాబును చూసే ఏర్పాటును గంటలతో సహా రాయించండి: ఆదివారం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు, ఎక్కడ అప్పగించాలి, ఎవరు తీసుకురావాలి. మా మొదటి ఆదేశంలో ‘వారాంతాల్లో’ అని మాత్రమే ఉండేది. ప్రతి శనివారం గుమ్మం దగ్గర వాదన జరుగుతుంటే బాబు తలుపు వెనక నిలబడి వినేవాడు. ఆదేశాన్ని మార్చమని మళ్లీ దరఖాస్తు పెట్టాక గాని అది ఆగలేదు.