యమమార్గంలో ఆట చిక్కుబడితే: గేమ్ మాస్టర్‌కు సమస్య - పరిష్కారం

ఇక్కడి లెక్కలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆట; కథ నడిపేవారే గేమ్ మాస్టర్) 5వ ఎడిషన్, 2014 నియమాలవి. నలుగురైదుగురు ఆటగాళ్లు, 7 నుంచి 9వ లెవల్ పాత్రలు, ఐదారు సెషన్లు. రంగస్థలం గరుడ పురాణం చెప్పే యమమార్గం, అంటే చనిపోయినవాళ్లు యమపురికి నడిచే దారి. మామూలు సాహసంలో పందెం ప్రాణం. ఇక్కడ అది ముందే పోయింది కాబట్టి, పోగొట్టుకోవడానికి ఇంకొకటి పాత్రల చేతిలో పెట్టాలి. కింది ఇబ్బందుల్లో సగం ఆ పని మర్చిపోవడం వల్ల వచ్చేవే.

ఎవరికీ భయం లేదు

లక్షణం: కనబడిన ప్రతి యమభటుడి మీదా కత్తి దూస్తారు. ఉచ్చు ఉందని తెలిసీ అందులో కాలు పెడతారు. నిండా మునిగినవాడికి చలేమిటన్నది వాళ్ల లెక్క.

కారణం: హెచ్‌పీ (పాత్రకు మిగిలిన ప్రాణబలం) సున్నా అయినా పోయేదేమీ లేదు.

పరిష్కారం: మొదటి సెషన్‌కు ముందే ఒక్కొక్కరి చేత 5 జ్ఞాపకాల చీటీలు రాయించండి. ఒక్కో చీటీకి ఒక ప్రొఫిషియెన్సీని (పాత్రకు బాగా వచ్చిన నైపుణ్యం) ముడివేయండి. ‘అమ్మమ్మ గుర్తుపట్టడం నేర్పిన మూలికలు’ అంటే మెడిసిన్. ‘మొదటిసారి గోడ దూకిన రాత్రి’ అంటే స్టెల్త్ (చాటుగా కదలడం). హెచ్‌పీ సున్నా అయితే డెత్ సేవింగ్ త్రోలు (చావుబతుకుల మధ్య వేసే డైస్) మామూలుగానే వేయించాలి: 10, ఆపైన పడితే గెలుపు, డైస్ మీద 1 పడితే రెండు ఓటములు. మూడో ఓటమికి చావు బదులు చీటీ పోతుంది. చూడకుండా రెండు తీయించి, వాటిలో ఒకటి ఎంచుకుని చింపమనండి. పాత్ర 1 హెచ్‌పీతో లేస్తుంది. ఆ ప్రొఫిషియెన్సీ ఇక లేదు, చీటీలోని మనిషి ఎదురుపడినా ఎవరో తెలియదు. ఐదూ పోతే అది పేరులేని ప్రేతం, ఇకమీదట మీరు నడిపే పాత్ర.

చీటీలు పదిస్తే ఎవరూ లెక్కచేయరు. మూడే ఇస్తే మొదటి ఊరి పొలిమేర దాటడానికే జంకుతారు. ఏది చింపాలో పూర్తిగా ఆటగాడికే వదిలితే పనికిరాని చీటీ ముందు పోతుంది, పూర్తిగా డైస్‌కి వదిలితే ఉసూరుమంటాడు. రెండింట్లో ఒకటి అనడం అందుకే.

వైద్యం మంత్రం పనిచేయడం లేదు, స్నేహితుడే పారిపోతున్నాడు

మొదటి పోరాటంలోనే బయటపడే తప్పిది. చనిపోయారు కదా అని పాత్రల రకాన్ని ‘అన్‌డెడ్’గా (చచ్చీ తిరిగే జీవి) మార్చేసి ఉంటారు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం అన్‌డెడ్ మీద పనిచేయదు. క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) అన్‌డెడ్‌ను తరిమే టర్న్ అన్‌డెడ్ వాడితే 30 అడుగుల లోపల తనను చూడగల లేదా వినగల సొంత జట్టు కూడా విజ్‌డమ్ సేవ్ (ప్రభావం తప్పించుకునే డైస్) వేయాల్సిందే. పాత్రలను ‘హ్యూమనాయిడ్’గానే (మనిషి తరహా జీవి) ఉంచండి. పురాణంలో ‘యాతనాదేహం’ అనే మాట ఉండనే ఉంది: బాధ అనుభవించగలిగే దేహం. దెబ్బ తగులుతుంది, మందూ పనిచేస్తుంది.

రెండో సెషన్‌కే ఇంటికి పోతామంటున్నారు

కారణం చాలాసార్లు బానిష్‌మెంట్ అనే మంత్రం. లక్ష్యం వేరే లోకానికి చెందినదైతే, మంత్రం పూర్తిగా 1 నిమిషం నిలిస్తే, అది సొంత లోకానికి పోయి మళ్లీ రాదు. శత్రువు మీద వాడాల్సినదాన్ని తెలివైనవాడు స్నేహితుడి మీద వేసి భూలోకానికి పంపేస్తాడు. అప్పటికప్పుడు ‘కుదరదు’ అంటే గొడవే. ముందే తేల్చి చెప్పండి: చనిపోయి వచ్చినవాళ్ల సొంతలోకం ఇప్పుడు ఇదే. బతికుండగానే వచ్చిన పాత్రలైతే మాత్రం ఆ దారి న్యాయంగా వదిలేయండి. 7వ లెవల్ క్లెరిక్‌కు ఈ మంత్రానికి కావలసిన నాలుగో స్థాయి స్లాట్ (మంత్రం వేసే అవకాశం) రోజుకొకటే, అంటే రోజుకొక్కరే, పైగా పంపినవాడు మిగిలిపోతాడు. అదే మంచి కథ.

రివివిఫై (1 నిమిషం లోపు, 300 గోల్డ్ విలువైన వజ్రాలు), రెయిజ్ డెడ్ (10 రోజుల లోపు, 500 గోల్డ్ వజ్రం) రెండూ చనిపోయినవాణ్ని లేపడానికి శవం మీద వేసే మంత్రాలు. శవం భూమ్మీద ఉంది, కాబట్టి వేయాల్సినవాడూ అక్కడే ఉండాలి.

తిరుగుతున్నారు, కథ కదలడం లేదు

కారణం: పరలోకానికి హద్దూ లేదు, గడువూ లేదు. ఎటు పోయినా ఒకటేనన్నట్టుంటుంది.

దారి కొలత పురాణమే ఇచ్చింది. యమపురికి 86,000 యోజనాలు, ప్రేతం రోజుకు 247 యోజనాలు నడుస్తుంది. భాగిస్తే 348 రోజులు, దగ్గర దగ్గర ఏడాది. దారిలో 16 పురాలు. పదహారూ ఆడించాలని చూడకండి, నాలుగోదానికల్లా అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఐదు చాలు: పుష్పభద్ర నదీ మర్రిచెట్టూ ఉన్న సౌమ్యపురం, క్రూరపురం, వైతరణికి ముందు విచిత్రభవనం, చలితో చంపే శీతాఢ్యం, చివరిది బహుభీతి. సెషన్‌కు ఒకటి.

గడువుకు కాగితం మీద 13 గళ్లు గీయండి, లాంగ్ రెస్ట్‌కొకటి (రాత్రంతా తీసుకునే విశ్రాంతి) కొట్టేయండి. పురాణం ప్రకారం పది రోజుల పిండాలతో ప్రేతశరీరం తల నుంచి మొదలై ఒక్కో భాగం తయారవుతుంది. పదమూడో రోజున యమభటులు దారి పట్టిస్తారు. రెయిజ్ డెడ్ గడువు కూడా పది రోజులే కావడం మీకు కలిసొచ్చింది: పదో గడి దాకా వెనక్కి పిలుపు రావచ్చు, ఆ తర్వాత ముందుకే. (13 గళ్లూ సౌమ్యపురానికి ముందే అయిపోవాలి; తర్వాత నెలకొక గడి.)

లాంగ్ రెస్ట్ కూడా ఉచితంగా ఇవ్వకండి. తనను తలుచుకునే బతికున్న మనిషి పేరొకటి ఆటగాడు చెప్పాలి. డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి, మిగిలిన చీటీల సంఖ్య కలపాలి. 12, ఆపైన వస్తే పిండం కాకి ముట్టినట్టు, పూర్తి విశ్రాంతి. లేకపోతే షార్ట్ రెస్ట్ (కొద్దిసేపటి విశ్రాంతి) ఫలితమే. చీటీలు తగ్గేకొద్దీ విశ్రాంతి దొరకడం కష్టమవుతుంది.

వైతరణి దగ్గర జట్టు ఆగిపోయింది

కారణం: దాటే దారి ఒక్కటే పెట్టారు. ఆ నది వెడల్పు 100 యోజనాలు, ఈత లెక్కలు వేయించకండి. మూడు దారులుంచండి. బతికుండగా గోదానం చేసినవాడికి ఆవు వస్తుంది, తోక పట్టుకుని దాటొచ్చు. ఎవరి పూర్వకథలో అలాంటి దానం ఉందో ముందే అడిగి రాసుకోండి. లేనివాళ్లు పడవవాళ్లతో బేరమాడాలి, కూలి ఒక చీటీ. అదీ ఇష్టంలేనివాడు నెత్తురు, చీము మధ్య నడిచి పోవాలి: కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్ డీసీ (గెలవడానికి రావాల్సిన కనీస అంకె) 15 మూడుసార్లు, తప్పిన ప్రతిసారీ ఒక ఎగ్జాషన్ (అలసట) స్థాయి.

ఎగిరిపోతామంటారు, తప్పకుండా అంటారు. ఫ్లై మంత్రం 10 నిమిషాలు, రౌండ్‌కు (6 సెకన్లు) 60 అడుగులు. డ్యాష్ (రెట్టింపు దూరం పోవడం) కలిపినా మొత్తం 12,000 అడుగులు. యోజనాన్ని ఎంత చిన్నగా లెక్కవేసినా నది నడుమే పడతాడు. ఈ లెక్క మంత్రం వేయకముందే చెప్పండి, పడ్డాక చెబితే మోసం అనుకుంటారు.

యముడు రాగానే నవ్వులు

లక్షణం: గద ఎత్తగానే ఎవరో సినిమా గొంతుతో డైలాగ్ అందుకుంటారు, గంట పోతుంది. తెలుగువాళ్ల టేబుల్ మీద ఇది తప్పదు. దశాబ్దాలుగా మన తెరమీద యముడు హాస్యపాత్రే. హాస్యమే కావాలంటే హాయిగా ఆడుకోండి. వద్దనుకుంటే యముణ్ని చివరి సెషన్ దాకా చూపించకండి. ముందు శ్రవణులను దింపండి. వీళ్లు బ్రహ్మ కుమారులు, మనుషులు చాటుగా చేసిందీ విని చిత్రగుప్తుడికి చేరవేస్తారు. పాత్ర ఎవరికీ చెప్పని మాట ఒక అపరిచితుడు మెల్లగా వల్లిస్తుంటే ఎవరూ నవ్వరు.

యముడి ముందు విచారణను ఒక్క పర్సుయేషన్ (ఒప్పించే నైపుణ్యం) డైస్‌తో ముగించకండి. పాత్రకు మూడు పద్దులు రాసుకోండి: నిజమైన మంచి ఒకటి, నిజమైన చెడు ఒకటి, చిట్టాలో తప్పు పడినది ఒకటి. మూడు ఓటములకు ముందే మూడు గెలుపులు రావాలి. డీసీలు 13, 15, 18. ఒకసారి చేసిన వాదన మళ్లీ చెల్లదు. తప్పు పద్దును పట్టుకున్నవాడికి ఒక గెలుపు డైస్ లేకుండానే ఇవ్వండి. పద్దులు పాత్ర చేసినవాటి నుంచే రావాలి, ఆటగాడి సొంత జీవితం నుంచి ఎప్పటికీ కాదు.

ఒకరు మౌనంగా అయిపోయారు

ఈమధ్యే ఇంట్లో ఎవరో పోయి ఉండొచ్చు. ఆట ఆపండి, అందరి ముందూ కారణం అడగకండి. పిండం, శవం, పిల్లల చావు లాంటివి వద్దనేవాళ్లెవరో మొదటి సెషన్‌కు ముందే విడివిడిగా అడిగి ఉంటే ఇది చాలావరకు రాదు. చావు జరిగిన ఇంట్లో తప్ప గరుడ పురాణం తీయకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లకు అభ్యంతరమైతే ఆట ఇంకోచోట పెట్టుకోండి, లేదా పేర్లు మార్చండి. చీటీలూ గళ్లూ ఏ పేరుతోనైనా పనిచేస్తాయి.

తిరిగొచ్చాక ఏమీ మారలేదు

చింపిన చీటీలు తిరిగి ఇచ్చేస్తే ఇలాగే ఉంటుంది. ఇవ్వకండి. రెయిజ్ డెడ్‌తో లేచినవాడికి అటాక్, సేవ్, ఎబిలిటీ చెక్ అన్నింటికీ -4 ఉంటుంది, లాంగ్ రెస్ట్‌కు 1 చొప్పున తగ్గుతుంది. అంటే నాలుగు రాత్రులు. ఆ నాలుగు రాత్రులనూ దాటవేయకుండా ఒక పూర్తి సెషన్‌గా ఆడించండి. పోయిన ప్రొఫిషియెన్సీ మళ్లీ నేర్చుకోవచ్చు. చీటీలో ఉన్న అమ్మమ్మ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. పాత్రకు ఆమె ఎవరో తెలియదు. అక్కడ డైస్ అడగకండి, ఆటగాణ్ని మాట్లాడనివ్వండి.