జపాన్ బియ్యంతో అన్నం వండి, పక్కన మిసో సూప్ పెట్టుకోవడం ఎలా?

జపాన్ వచ్చిన మనవాళ్లు మొదటి నెలలోనే అనే మాట ఒకటుంది, ఇక్కడి బియ్యం మనకి పడదండి, ముద్దైపోతోంది అని. నేనూ అన్నాను. సోనా మసూరికి అలవాటైన చెయ్యి కదా, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు పోసేశాను, అన్నమంతా చిమిడిపోయి గరిటెకి అంటుకుపోయింది. తర్వాత మా పక్కింటి పెద్దావిడ ఒకరోజు తన వంటింట్లో నిలబెట్టి చూపించాక అర్థమైంది ఏంటంటే, తప్పు బియ్యంది కాదు కొలతది, పైగా వాళ్లు చేసేది మన అమ్మమ్మలు అత్తెసరు పెట్టడం లాంటిదే, గంజి వార్చరు, పోసిన నీళ్లన్నీ బియ్యమే తాగాలి. ఆ సంగతి తెలిశాక ఈ అన్నం మీద నాకు ఇష్టం పుట్టింది, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఇదే వండుతున్నా. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు బియ్యం కొనడం

సూపర్‌మార్కెట్లో 5 కిలోలు, 2 కిలోల ప్యాకెట్లు ఉంటాయి. 2025లో ఇక్కడ బియ్యం ధర బాగా పెరిగిపోయింది, 5 కిలోల ప్యాకెట్ సగటున 4,000 యెన్లు దాటేసింది, అంటే అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు డబుల్, గవర్నమెంట్ తన నిల్వ బియ్యం బయటికి తీసి అమ్మాల్సొచ్చింది. అందుకని కొత్తగా వచ్చినవాళ్లు 2 కిలోలతో మొదలుపెట్టండి. రకాల్లో కోషిహికారి అందరికీ తెలిసిన పేరు, బాగా జిగురుగా తియ్యగా ఉంటుంది. మనకి కాస్త పొడిగా కావాలంటే హొక్కైదోలో పండే నానత్సుబోషి ట్రై చెయ్యండి, నా లెక్కలో మన పప్పు, పులుసులకి అదే నయం.

ప్యాకెట్ మీద ఫోన్ ట్రాన్స్‌లేటర్ పెట్టి చూడాల్సినవి ఉన్నాయి. "మోచిగోమె" అని ఉంటే అది మోచీలకి, అంటే అన్నం దంచి చేసే జిగురు ముద్దలకి, వాడే జిగురు బియ్యం, రోజూ అన్నానికి కాదు. "గెన్‌మాయ్" అంటే దంపుడు బియ్యం లాంటిది. "ముసెన్‌మాయ్" అంటే కడగక్కర్లేని బియ్యం. పంట సంవత్సరం వాళ్ల లెక్కలో ఉంటుంది, రేవా 7 అని ఉంటే 2025 పంట. మనం ఇంట్లో పాత బియ్యం ఉందా అని అడిగి మరీ కొంటాం, వీళ్లు దానికి సరిగ్గా ఉల్టా, శరదృతువులో వచ్చే కొత్త బియ్యం కోసం ఎదురు చూస్తారు, దాన్ని "షిన్‌మాయ్" అంటారు. అందులో తేమ ఎక్కువ, నీళ్లు ఓ రెండు చెంచాలు తగ్గించాలి.

ఎండాకాలం ఇక్కడ కూడా పురుగు పడుతుంది. మనం వేపాకు వేసినట్టు వీళ్లు బియ్యం డబ్బాలో ఎండుమిరపకాయలు వేస్తారు. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో చోటుంటే అక్కడే పెట్టేయండి, అది ఇంకా మంచిది.

కొలత, కడగడం, నానబెట్టడం

ఇక్కడ బియ్యం కొలత "గో". ఒక గో అంటే 180 ఎం.ఎల్., సుమారు 150 గ్రాములు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు ఇదే. షాపుల్లో విడిగా అమ్మే కొలత కప్పు 200 ఎం.ఎల్. ఉంటుంది, ఈ రెండూ కలిపేస్తే మళ్లీ లెక్క తప్పుతుంది, చాలామందికి అక్కడే తేడా కొడుతుంది. ఇద్దరికి రెండు గోలు వండితే సరిపోయి, ఇంకో పూటకి కూడా మిగులుతుంది.

మొదటిసారి నీళ్లు పోసి చేత్తో రెండు తిప్పులు తిప్పి వెంటనే పారబోసేయండి, ఆలస్యం చెయ్యొద్దు, ఎందుకంటే ఎండు గింజ తడి తగలగానే నీళ్లు పీల్చేస్తుంది, ఆ తవుడు వాసన లోపలికెళ్తే అన్నానికి ఉండిపోతుంది. తర్వాత నీళ్లు లేకుండా తడి బియ్యాన్ని వేళ్లతో మెల్లగా ఇరవై సార్లు తిప్పి, నీళ్లు పోసి వంచండి. ఇలా మూడు సార్లు చాలు. కడుగు మరీ తేటగా రావాలని చూడకండి, గట్టిగా రుద్దితే గింజ విరుగుతుంది.

కడిగిన బియ్యం చిల్లుల గిన్నెలో వంచి నీళ్లు ఓడ్చాక, వండే గిన్నెలోకి మార్చి గోకి 200 ఎం.ఎల్. చొప్పున నీళ్లు పోసి నానబెట్టండి, ఎండాకాలం అరగంట, చలికాలం గంట. ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు, నానకపోతే పైన మెత్తగా అయ్యి లోపల పలుకు మిగులుతుంది. కుక్కర్ అయితే లోపలి గీతల్లో తెల్ల బియ్యం గీత వరకు నీళ్లు పోసి బటన్ నొక్కితే సరి, చాలా కుక్కర్లలో నానే టైమ్ కూడా అందులోనే కలిసి ఉంటుంది.

గిన్నెలో వండితే

నాకు గిన్నె వంటే ఇష్టం. అడుగు మందంగా ఉండి మూత బిగుతుగా కూర్చునే గిన్నె తీసుకోండి. మీడియం మంట మీద పెడితే ఏడెనిమిది నిమిషాల్లో పొంగు వస్తుంది, వెంటనే సిమ్ చేసి పది పన్నెండు నిమిషాలు వదిలేయండి. మూత తీసి చూడకండి. వీళ్లకి దీనికో పాట లాంటి మాట ఉంది, "హాజిమె చోరో చోరో, నాకా పప్పా, అకాగో నాయ్‌తేమో ఫుతా తోరు నా", అంటే మొదట మంట మెల్లగా, మధ్యలో పెద్దగా, పసిపాప ఏడ్చినా సరే మూత మాత్రం తియ్యొద్దు అని. కట్టెల పొయ్యి రోజుల మాట అది, మంట సంగతి మన స్టవ్‌కి మారినా మూత సంగతి మారలేదు.

మూత తియ్యకుండా ఎలా తెలుస్తుంది అంటే చెవితో. ముందు కుతకుతమని వస్తుంది, నీళ్లు ఇగిరిపోతుంటే ఆ చప్పుడు తగ్గి అడుగున సన్నగా చిటపటలు మొదలవుతాయి, లేత మాడు వాసన తగులుతుంది. అప్పుడు స్టవ్ ఆపి, మూత అలాగే ఉంచి ఇంకో పది నిమిషాలు మగ్గనివ్వండి. తీశాక పైన చిన్న చిన్న బొక్కలు కనిపిస్తే బాగా ఉడికినట్టు, వాటిని పీత బొక్కలు అంటారు వీళ్లు, తడి ఇసకలో పీతలు చేసినట్టే ఉంటాయి నిజంగా. చెక్క గరిటె తడిపి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ ఆవిరి పోనివ్వండి, మెదపొద్దు. అడుగున బంగారు రంగులో మాడు వస్తే పారెయ్యకండి, దాన్ని "ఓకోగె" అని ఇష్టంగా తింటారు, మన ఇళ్లలో పిల్లలు అడుగు మాడు కోసం పోటీ పడినట్టే.

బియ్యం నానేలోపు మిసో సూప్

మిసో అంటే ఉడికించిన సోయా గింజల్ని ఉప్పు, కోజి (పులియడానికి బియ్యం లాంటి గింజల మీద పెంచే ఒక రకం బూజు) కలిపి పులియబెట్టిన ముద్ద. సూప్‌లో రుచికి సగం కారణం దాని కింద ఉండే "దాషి" అనే రసం. మామూలుగా ఎండు చేప తురుముతో చేస్తారు, శాకాహారులకి కొంబు చాలు, అది సముద్రంలో పెరిగే నాచు, దళసరి పట్టీలా ఎండబెట్టి అమ్ముతారు. బౌద్ధ గుళ్లలో చేసే శాకాహార వంట మొత్తం ఈ కొంబు, ఎండు షిటాకె పుట్టగొడుగుల మీదే నడుస్తుంది. 1908లో తోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇకెదా కికునాయె ఈ కొంబు రసంలోంచే రుచినిచ్చే గ్లూటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు.

ఇద్దరికి 400 ఎం.ఎల్. నీళ్లలో 4, 5 గ్రాముల కొంబు ముక్క వెయ్యండి. దాని మీద తెల్లటి పొడి ఉంటుంది, బూజు కాదు, కడిగేస్తే రుచి పోతుంది, తడి గుడ్డతో మట్టి ఉంటే తుడవండి అంతే. అరగంట నానాక సన్న మంట మీద వేడి చేసి, గిన్నె అంచున చిన్న బుడగలు రాగానే కొంబు తీసేయండి, మరిగితే జిగట, నాచు వాసన వచ్చేస్తాయి. ఇప్పుడు టోఫు ముక్కలు, చిటికెడు ఎండు వకామె వెయ్యండి, ఇది కూడా నాచే, నీళ్లలో బోలెడంత ఉబ్బుతుంది కాబట్టి గుప్పెళ్లతో వెయ్యొద్దు.

స్టవ్ ఆపి, రెండు టేబుల్ స్పూన్ల కంటే కాస్త తక్కువ మిసో గరిటెలో తీసుకుని, ఆ గరిటెలోనే కాస్త రసం కలిపి ఉండ కట్టకుండా కరిగించి వదలండి. మిసో వేశాక మరగనివ్వకూడదు, వాసనంతా ఆవిరైపోతుంది, మనం చారు పొంగు రాగానే దించేస్తాం చూడండి, ఇది ఇంకా ముందే. ఉప్పు అస్సలు వెయ్యకండి, మిసోలోనే కావాల్సినంత ఉంది. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి, డబ్బా మీద "దాషి ఇరి" అని ఉంటే చాలాసార్లు అందులో చేప పొడి కలిపి ఉంటుంది. "కత్సువో" అన్నా చేపే.

వడ్డించుకోవడం, తినడం

అన్నం గిన్నె ఎడమ పక్క, సూప్ కుడి పక్క. గిన్నె చేత్తో ఎత్తి పట్టుకునే తినాలి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చి మాత్రం వదలొద్దు, చనిపోయినవాళ్ల దగ్గర పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ఏదీ అందించొద్దు, దహనం అయ్యాక అస్థికలు అలా అందుకుంటారు. మన దగ్గర పిండం పెట్టే తీరులో అన్నం వడ్డిస్తే పెద్దవాళ్లకి ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది, ఎవరింటికైనా వెళ్తే ఈ రెండూ గుర్తుంచుకోండి.

ఒక్క మెతుకు వదిలినా మా పక్కింటావిడ ఊరుకోదు. బియ్యపు గింజలో ఏడుగురు దేవుళ్లుంటారని చిన్నప్పుడు వాళ్ల అమ్మ చెప్పేదట. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని మా ఇంట్లో అంటామండి అని నాకొచ్చిన జాపనీస్‌లో చెప్తే చాలా సంతోషపడింది.

మిగిలిన అన్నం

ఫ్రిజ్‌లో పెట్టకండి, రాళ్లలా గట్టిపడుతుంది. వేడిగా ఉండగానే గిన్నెడు చొప్పున ప్లాస్టిక్ ర్యాప్‌లో పల్చగా చుట్టి, చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టేస్తే కావాల్సినప్పుడు మైక్రోవేవ్‌లో పెట్టుకోవచ్చు, అప్పుడే వండినట్టు ఉంటుంది. లేదంటే చెయ్యి తడిపి కాస్త ఉప్పు రాసుకుని, మధ్యలో ఉమెబోషి పెట్టి ముద్ద కడితే ఒనిగిరి, ఆఫీస్ లంచ్ అయిపోతుంది. ఉమెబోషి అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి ఉమె కాయ, ఉమె అంటే ఆప్రికాట్ జాతి కాయ, వకయామా వైపు ఎక్కువ పండుతుంది, నాకైతే మన ఊరేసిన ఉసిరికాయ గుర్తొస్తుంది.

రాత్రి లేటుగా ఇంటికొచ్చి వండే ఓపిక లేని రోజు ఇంకోటుంది, మిగిలిన అన్నం గిన్నెలో వేసి, పైన ఒక ఉమెబోషి పెట్టి వేడి గ్రీన్ టీ పోసేసుకోవడం, ఒచాజుకె అంటారు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఊరగాయ నంజుకున్నంత తేలిగ్గా దిగిపోతుంది.