పురీషనాళంలో స్మాల్ సెల్ క్యాన్సర్: ఏ చికిత్స ముందు, ఏది తర్వాత

బయాప్సీ రిపోర్టులో ‘న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, స్మాల్ సెల్’ (హార్మోన్ కణాల లక్షణాలున్న, వేగంగా పెరిగే క్యాన్సర్) అని ఉంటే ఆపరేషన్‌కు తొందరపడకండి. ఇది బయటపడేసరికే తరచూ కాలేయానికో లింఫ్ గ్రంథులకో పాకి ఉంటుంది. గడ్డ తీసేసినా, గాయం మానే వారాల్లో మిగిలిన కణాలు పెరిగిపోతాయి. కేఐ-67 శాతం (ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే లెక్క), కణాల తీరు పాథాలజిస్టుతో రూఢి చేయించుకోండి. పొరపాటు ఇక్కడ జరిగితే మందులే మారిపోతాయి.

ఛాతీ, పొట్ట సీటీ, కటి ఎంఆర్‌ఐ తీశాక, వ్యాధి కటికే పరిమితమైతే సాధారణంగా 21 రోజులకోసారి సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ అనే కీమో మందులు 4–6 విడతలు ఇస్తారు. రేడియేషన్ 25–28 సిట్టింగులు, మొత్తం 45–50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం). కీమోతో పాటో, తర్వాతో. గడ్డ బాగా తగ్గినవారికే ఆపరేషన్ ఆలోచించడం మేలు.

సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా సెలైన్ తప్పనిసరి, లేకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. విడత మొదలైన 7–14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.