వర్డ్‌ప్రెస్‌లో మీ షాపు సైటు మీరే చేసుకోవడం ఎలా? స్పీడుగా, సేఫ్‌గా

మా బావకి గానుగ నూనె షాపుంది. ఒకతను డబ్బులు తీసుకుని వెబ్‌సైట్ చేసిపెట్టాడు, డొమైన్ (సైటు అడ్రస్) మాత్రం తన పేరు మీదే కొన్నాడు, రెన్యువల్ టైమొచ్చేసరికి ఫోనెత్తడం మానేశాడు, అంతే, సైటు పోయింది. మళ్ళీ మొదట్నుంచీ నేనే చేశాను, నాకు కోడింగ్ ముక్క రాదు. మీ క్లినిక్కుకో ట్యూషన్ సెంటర్‌కో కూడా ఇదే పద్ధతి సరిపోద్ది.

ముందు డొమైన్. మీ పేరు, మీ మెయిల్, మీ కార్డు, ఇందులో మొహమాటాల్లేవు, ఆటో రెన్యువల్ కూడా ఆన్‌లో పెట్టండి. హోస్టింగ్ (సైటు ఫైళ్ళుండే సర్వర్లో అద్దె చోటు) కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ చూసి మురిసిపోకుండా రెండో ఏడాది ఎంత గుంజుతారో చూడండి. కస్టమర్లంతా ఇక్కడోళ్ళే అయితే సర్వర్ కూడా ముంబైలాంటి చోట ఉన్నది తీసుకోండి, ప్రతి క్లిక్కూ అమెరికా దాకా వెళ్ళి రావడం దేనికి? ఎస్ఎస్ఎల్‌కి (సైటుకీ చూసేవాళ్ళకీ మధ్య సమాచారం ఎవరూ చదవకుండా చేసే తాళం) విడిగా డబ్బులడిగితే ఇంకోళ్ళని చూసుకోండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఫ్రీగానే దొరుకుతుంది.

తర్వాత హోస్టింగ్ ప్యానెల్లో వర్డ్‌ప్రెస్ ఇన్‌స్టాల్ బటన్ నొక్కడమే, ఐదు నిమిషాల పని. సైట్లు తయారుచేసుకోవడానికి 2003లో మొదలైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇది, ప్రపంచంలో 40 శాతం పైగా సైట్లు దీని మీదే నడుస్తున్నాయి, అందుకే దొంగల కన్ను కూడా దీని మీదే. యూజర్‌నేమ్ 'అడ్మిన్' అని పెట్టారంటే వాళ్ళకి సగం పని మీరే చేసిపెట్టినట్టు.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్‌కెళ్ళి 'పోస్ట్ నేమ్' ఎంచుకోండి. ఇక్కడ మన తెలుగోళ్ళకో చిక్కుంది. పేజీ టైటిల్ తెలుగులో పెడితే లింకు కూడా తెలుగులోనే తయారవుద్ది, బ్రౌజర్లో ముద్దుగానే ఉంటుంది, దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే మాత్రం చాలాసార్లు శాతం గుర్తులూ అంకెలూ కలిసి కొండవీటి చాంతాడంత అవుద్ది. 'వంటనూనె' అన్న చిన్న మాటకే 63 క్యారెక్టర్లు! మనకి కనిపించేవి నాలుగక్షరాలే గానీ కంప్యూటర్‌కి సున్నా, గుణింతం అన్నీ విడివిడి, మొత్తం ఏడు, ఒక్కోటీ లింకులో 9 క్యారెక్టర్లవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది కాబట్టి టైటిల్ కాస్త పొడుగైతే సగంలో తెగుద్ది. అందుకని టైటిల్ తెలుగులోనే ఉంచి, స్లగ్ (లింకు చివరి ముక్క) అన్న చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు కొట్టండి.

థీమ్ (సైటు రూపురేఖలు) సంగతి ఎక్కువ ఆలోచించకండి, జెనరేట్‌ప్రెస్ లాంటి తేలికది చాలు. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్ ఎవడో ఫ్రీగా ఇస్తున్నాడంటే అందులో ఏదో దూర్చే ఉంటాడు, నేను ఒకసారి అలా పెట్టి నూనె షాపు సైట్లో జూదం యాడ్లు చూశాను. ప్లగిన్లు (సైటుకి కొత్త పనులు కలిపే చిన్న ప్రోగ్రాములు) కూడా ఇంట్లో పాత సామాన్లలాంటివే, వాడనివి డీయాక్టివేట్ చేసి వదిలేయకుండా డిలీటే చేయండి.

స్పీడు చంపేది ఎక్కువగా ఫొటోలే. బావ ఫోన్లో తీసిన నూనె సీసా ఫొటో 4 ఎంబీ, స్కూష్ అనే సైట్లో వేసి వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్) చేస్తే 110 కేబీకి దిగింది, సీసా మీద లేబుల్ అప్పటికీ చదవొచ్చు. ఫాంట్లు కూడా అంతే, మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ బాగుంటాయి, ఏదో ఒకటే పెట్టండి, మన ఒత్తుల వల్ల తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లీషు దానికంటే బరువు. తయారైన పేజీని దాచి గబుక్కున చూపించే క్యాషింగ్ ప్లగిన్ ఒకటి చాలు, రెండు పెడితే కొట్టుకుంటాయి. తర్వాత గూగుల్ వాళ్ళ స్పీడు పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ రిజల్ట్ చూడండి, ఎల్‌సీపీ (పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం కనపడటానికి పట్టే టైము) 2.5 సెకన్లలోపు ఉంటే చాలు, స్కోరు నూటికి నూరు రావాలని కూర్చోకండి.

సేఫ్టీకి మూడు పనులు: ఆటో అప్‌డేట్లు, లాగిన్‌కి ఓటీపీ యాప్, బ్యాకప్. బ్యాకప్ అదే సర్వర్లో ఉంటే ఇంటి తాళం ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు, అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్‌తో గూగుల్ డ్రైవ్‌కి పంపండి, ఒకసారి వేరే టెస్ట్ సైట్లో రీస్టోర్ చేసి కూడా చూడండి.

అంతా అయ్యాక సెట్టింగ్స్‌లో రీడింగ్‌కెళ్ళి, సెర్చ్ ఇంజన్లని రావద్దనే టిక్కు తీసేశారో లేదో చూసుకోండి. నేను తియ్యలేదు. వారం రోజులు బావ గూగుల్లో తన షాపు పేరు కొట్టి చూసుకోవడం, నాకు ఫోన్ చెయ్యడం.