బస్టర్ కీటన్ మూకీ చిత్రాలను చూసి వరుస కట్టడం ఎలా?

అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ చిత్రాలకు స్థానాలు నిర్ణయించదలచినవారు 1920 నాటి ‘వన్ వీక్’ అనే రెండు రీళ్ల చిత్రంతో మొదలుపెట్టి, 1928 నాటి ‘ది కెమెరామన్’ వరకు విడుదలైన క్రమంలో చూడడం మంచిది. ఎంత నవ్వించిందన్న కొలమానం ఒక్కటే చాలదు. హాస్యం కథలోంచి పుట్టిందా, పైనుంచి అతికించినదా అన్నది కూడా గమనించాలి.

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందుగోడ మొత్తం కూలినప్పుడు, తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా ఆయన నిలబడిన చోట పడుతుంది. కెమెరా దూరంగా ఉండి, మధ్యలో కోత లేకుండా నిలువెత్తు మనిషిని చూపడం వల్లనే ఆ ప్రమాదం నిజమని మనకు నమ్మకం కలుగుతుంది. ముఖంలో చిరునవ్వు లేకపోయినా, కళ్లలోనూ నడకలోనూ ఎంత భావం ఉందో రెండోసారి చూసినప్పుడు బాగా తెలుస్తుంది.

‘సెవెన్ ఛాన్సెస్’లో బండరాళ్ల పరుగు అద్భుతమే అయినా, నల్లజాతివారిని అవహేళన చేసే ఘట్టాల వల్ల దాన్ని కిందికి దించక తప్పదు. కలలో తెరలోకి నడిచివెళ్లే ‘షెర్లాక్ జూనియర్’ (1924)కు రెండో స్థానం ఇస్తాను. మొదటి స్థానం మాత్రం, రైలింజన్‌నే సహనటుడిగా మలచుకుని, తొలి విడుదలలో ఆదరణకు నోచుకోని ‘ది జనరల్’ (1926)దే. ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ స్టూడియోలో స్వేచ్ఛ కోల్పోయాక చేసిన టాకీలను ఈ వరుసలో కలపకుండా విడిగా తూచడమే న్యాయం.