కథను విప్పి చూడటం ఎలా? ఒక పెన్సిలు, ఒక పాత కథ చాలు

డిగ్రీలో ‘కథానిక లక్షణాలు రాయుము’ అనే ప్రశ్న ఏటా వచ్చేది. వస్తువు, ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, శిల్పం అంటూ గడగడా రాసేశాను, మార్కులూ పడ్డాయి. తర్వాత ఒక మిత్రుడు ఓ కథ చేతిలో పెట్టి ‘ఇందులో సంఘర్షణ ఎక్కడుందో చూపించు’ అంటే నీళ్లు నమిలాను. నిర్వచనాలు బట్టీ పడితే కథ అర్థం కాదు. ఒక్క కథను పట్టుకుని కీళ్లన్నీ విప్పి చూడాలి.

అందుకు నేను ఇచ్చే కథ గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ఇదే తొలి తెలుగు కథ అని మనం బడిలో చదువుకున్నాం గానీ, భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చింది. ఆ తగువు మనకిప్పుడు వద్దు. కొద్ది పేజీల కథ, పావుగంటలో అయిపోతుంది. చదవనివాళ్లు ముందు చదివి రండి, ఎందుకంటే ముగింపు ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మొదట, పెన్సిలు ముట్టకుండా చదవండి. పుస్తకం మూసేసి, ఇంట్లో ఎవరికైనా రెండు ముక్కల్లో చెప్పండి. ‘అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనిపించదు. ఆవిడ రాసిన ఉత్తరం దొరుకుతుంది. పుట్టింటికి పోయిందని కుమిలిపోతాడు. తీరా చూస్తే ఆవిడ మంచం కిందే ఉంది.’ ఇది ఇతివృత్తం, అంటే ఏం జరిగింది అన్నది. ‘దేని గురించి?’ అని అడిగితే మాత్రం జవాబు వేరు. చదువుకున్న మగవాడి మాటకీ నడతకీ మధ్య ఉన్న దూరం గురించి. అది వస్తువు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

తర్వాత, ఎవరికి ఏం కావాలో చూడండి. తలుపు దగ్గర ఉన్నప్పుడు గోపాలరావుకి కావలసింది గొడవ లేకుండా లోపలికి జారుకోవడం. ఉత్తరం చదివాక కావలసింది భార్య తిరిగి రావడం. కోరిక మారిన ఆ చోటే కథ మలుపు. ఆ కోరికకి అడ్డం ఎవరు? సంఘర్షణ అక్కడే ఉంటుంది. పైకి చూస్తే కమలిని. లోపల చూస్తే ఆయనే. నాచ్ పార్టీలు, అంటే సానుల ఆటపాటలు, కూడదన్న మనిషి సానిదాని పాటకి వెళ్లి కూర్చున్నాడు, ఇంట్లో మాత్రం మీటింగులని చెప్పాడు. సంఘర్షణ అంటే ఇద్దరు అరుచుకోవడమే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. కథ నడిచినంతసేపూ ఈ భార్యాభర్తలు ఎదురెదురుగా నిలబడి ఒక్క మాట అనుకోరు.

నేపథ్యం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొబ్బరిచెట్లూ వెన్నెలా వర్ణించడం నేపథ్యం కాదు. భోగం మేళాలు కూడదని సంస్కర్తలు ఉద్యమం నడిపిన కాలం అది. ఆ సంగతి తీసేస్తే ఇది ఆలస్యంగా వచ్చిన మొగుడి కథ మాత్రమే.

ఇప్పుడు పెన్సిలు తీయండి. మనుషుల గుణాన్ని రచయిత నేరుగా చెప్పిన చోట ఒక గీత, చేసి చూపించిన చోట రెండు గీతలు పెట్టండి. గోపాలరావు కోపం పట్టలేక నౌకరు రాముడి వీపు మీద రెండు గుద్దులు గుద్దుతాడు. రాముడు కూలబడతాడు. అప్పుడు ‘గోపాలరావు కనికరం గలవాడు’ అనే అర్థంలో రచయిత ఒక మాట అంటారు. అక్కడ ఒక గీత. ఆ వెంటనే గోపాలరావు వాణ్ణి లేవనెత్తి వీపు నిమురుతాడు. అక్కడ రెండు గీతలు. కొట్టిన చెయ్యే నిమరడంతో మనిషి మొత్తం తెలిసిపోయాడు: తప్పు చేస్తాడు, వెంటనే నొచ్చుకుంటాడు, రేపట్నుంచి బాగుంటానంటాడు. నన్నడిగితే ఆ ‘కనికరం’ మాట లేకపోయినా కథకి లోటు లేదు. మాటల కింద కూడా గీతలు పెట్టండి. గోపాలరావు ఉపన్యాసం ధోరణిలో మాట్లాడతాడు, రాముడు ఉత్తరాంధ్ర యాసలో. పేర్లు చేత్తో మూసేసినా ఎవరి మాట ఏదో పట్టుకోగలరు.

ఆఖరుది దృష్టికోణం. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. కథ చెప్పేవాడు అందులో పాత్ర కాదు, బయటి మూడో మనిషే. అయినా మనల్ని గోపాలరావు పక్కనే నడిపిస్తాడు. ఆయన చూసిందే మనమూ చూస్తాం, ఆయనకి తెలియనిది మనకీ తెలియదు. మంచం ఆ గదిలోనే ఉంది, కింద చూడాలని ఆయనకీ తోచదు, మనకీ తోచదు.

ఇక్కడొక పని చేయండి. అదే రాత్రిని కమలిని వైపు నుంచి అరపేజీ రాయండి. మంచం కింద పడుకుని ఉంది, గాజులు చప్పుడు కాకుండా పట్టుకుంది, పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి. రాస్తుండగానే తెలుస్తుంది, ‘భార్య ఏమైంది’ అన్న ఉత్కంఠ పూర్తిగా పోయింది. దాని బదులు నవ్వు ఆపుకోవడం అనే ఇంకో తమాషా వచ్చింది. జరిగిన సంగతులు అవే, కథ మాత్రం వేరే.

ఇప్పుడు అసలు కథను రెండోసారి చదవండి. ఆడవాళ్ల చదువు మీద రాముడి సణుగుడు, చదువుకున్న స్త్రీ సృష్టిలోకెల్లా గొప్పదని గోపాలరావు చేసిన వర్ణన, ఆ కుమిలిపోవడం అన్నీ ఆవిడ వింటూనే ఉంది. కొసమెరుపు అంటే చివర్లో ఉలిక్కిపడేలా చేయడం ఒక్కటే కాదు, వెనక్కి వెళ్లినప్పుడు ప్రతి మాటకీ కొత్త అర్థం రావాలి. ఈ వారం పత్రికలో వచ్చిన ఏ కథనైనా ఇలాగే రెండోసారి చదివి చూడండి. ముగింపు తెలిశాక చప్పబడిపోతే లోపం ఎక్కడుందో ఈసరికి మీ పెన్సిలుకి దొరుకుతుంది.

ఓపిక ఉంటే ఇంకో అరపేజీ, రాముడి వైపు నుంచి. నిద్రలోంచి లేచాడు, వీపు ఇంకా మండుతోంది, దొరగారు ఉత్తరం చదువుకుంటూ కుమిలిపోతున్నారు. అక్కడ మొదలుపెట్టండి.