కరెంటు పోయొస్తే వంటింట్లో స్లిప్పులు ఆగిపోయేవి, ఇలా సెట్ చేశా

మా టిఫిన్ సెంటర్‌లో బిల్లింగ్ అంతా క్లౌడ్‌లోనే, ట్యాబ్‌లో ఆర్డర్ కొడితే వంటింట్లో ప్రింటర్ నుంచి కేఓటీ స్లిప్ (కిచెన్ ఆర్డర్ టికెట్, అంటే మాస్టర్‌కి వెళ్లే ఆర్డర్ చీటీ) రావాలి, కానీ కరెంటు పోయొచ్చిందంటే చాలు స్లిప్పులు బంద్, మొన్న ఆదివారం పొద్దున పెసరట్టు ఆర్డర్లు పదిహేను దాకా లోపలికి చేరనే లేదు, పాపం మాస్టర్ కాలిన పెనం ముందు ఊరికే నిలబడ్డాడు. క్లౌడ్ సర్వర్ డౌన్ అనుకున్నా. కాదు, బిల్లులు సేవ్ అవుతూనే ఉన్నాయి. ప్రింటర్ ఆఫ్ చేసి, ఫీడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే టెస్ట్ స్లిప్ వచ్చింది, అందులో ఐపీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ అడ్రస్ నంబర్) 192.168.1.14, యాప్‌లో మాత్రం పాతదే 192.168.1.9 ఉంది. రూటర్ రీస్టార్ట్ అయ్యాక కొత్త నంబర్ ఇచ్చేస్తోందన్నమాట! రూటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌కెళ్లి (ఒక్కో పరికరానికి ఐపీ కేటాయించి పెట్టే చోటు) ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని సొంత గుర్తింపు నంబర్‌కి, ఒకే ఐపీ ఫిక్స్ చేశా, యాప్‌లోనూ అదే ఇచ్చా, పోర్ట్ (ప్రింటర్ డేటా అందుకునే దారి నంబర్) 9100. రూటర్‌కి చిన్న యూపీఎస్ కూడా పెట్టా. నిన్న మూడుసార్లు కరెంటు పోయింది, వచ్చిన వెంటనే స్లిప్పులు టకటకా వచ్చేశాయి.